ఇల్లు అమ్ముటకు ముందు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెండు పనులలోని కష్టము చేసినవారికే తెలియునని దాని భావము. మేము పల్లెలలో తిరుగుచు రైతులతోను, చేతిపనులవారితోను మాటలాడునపుడు, ఈ రెండింటికి తోడు మూడవది ఒకటి కలదని మాకు తోచినది. అది ఇల్లు అమ్మి చూచుట. కట్టునప్పుడు గోడ వంకర పోయినచో దానిని తీసి మరల కట్టుకొనవచ్చును. అమ్మునప్పుడు జరిగిన తప్పు న్యాయస్థానపు గుమ్మము వరకు తీసికొనిపోవును. ఒక్కొక్కప్పుడు అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు రాకపోకలు లేకుండ చేయును.

అమ్మకమునకు సిద్ధపడుట అనగా గోడలకు సున్నము కొట్టించి బేరగాని కొరకు ఎదురుచూచుట అని పలువురు తలచుచున్నారు. అది అన్నిటికంటె చివరి పని. ఇంటిలో హక్కు గలవారందరిని ఒకచోట కూర్చుండబెట్టి మాటలాడుట మొదటి పని. ఆ ఇంటిని గురించిన నిజములన్నియు, మంచివి గాని చెడ్డవి గాని, కాగితము మీదికి తెచ్చుట రెండవ పని. ఈ రెండును జరిగిన తరువాతనే బేరము.

ఒక కుటుంబము

విషయము సుబోధకముగ ఉండుటకై ఒక కుటుంబమును ఊహించుకొందము. ఇది ఫలానా ఊరి కథ కాదు. అనేక గ్రామములలో జరుగుచున్నదే.

తండ్రి తన కష్టార్జితముతో స్థలము కొని పెంకుటిల్లు కట్టెను. వీలునామా వ్రాయకుండగనే కాలము చేసెను. ఇంటిలో వృద్ధురాలైన తల్లి, పెద్దకుమారుడు, అతని భార్యాబిడ్డలు ఉన్నారు. చిన్నకుమారుడు హైదరాబాదులో పని చేయుచున్నాడు. కుమార్తె పొరుగు మండలములో అత్తవారింట ఉన్నది. ఇంటిపన్ను పది సంవత్సరములుగ పెద్దకుమారుని పేరనే వచ్చుచున్నది. కావున ఇల్లు తనదే అని అతని నమ్మకము. అప్పులు తీర్చి, కుమార్తెను పట్టణమున చదివించవలెనను తలంపుతో అతడు ఇంటిని పండ్రెండు లక్షల రూపాయలకు బేరము పెట్టి, యాబది వేలు బయానా పుచ్చుకొనెను.

కొనువాడు దస్తావేజు వ్రాయించబోవు సమయమున, "మీ అమ్మగారి సంతకము, మీ చెల్లెలిగారి సంతకము కావలెను గదా" అనెను. పెద్దకుమారుడు తల్లి వద్దకు వచ్చి, "అమ్మా, ఈ కాగితము మీద వేలిముద్ర వేయి, నీకెందుకీ చిక్కులన్నియు" అనెను. ఆమె, "ముద్ర వేయుదును నాయనా. వేసిన తరువాత నేను ఏ గుమ్మములో కూర్చుండవలెనో అదికూడ చెప్పు" అని అడిగెను. అతనికి సమాధానము తోచలేదు. చెల్లెలికి టెలిఫోను చేయగా ఆమె, "అన్నయ్యా, పుట్టినిల్లు అమ్ముచున్నారని ఊరివారి వలన విన్నాను. నీ నోట ఒక్కమాట వినియుండిన నేను కాదందునా?" అని కన్నీరు పెట్టుకొనెను. బేరము ఆగిపోయినది. బయానా తిరిగి ఇమ్మని కొనువాడు వచ్చి కూర్చుండెను. అది అప్పటికే ఖర్చయిపోయినది.

ఈ చిక్కు ఎవరి దుర్బుద్ధి వలనను కలుగలేదు. చివర చేయవలసిన పని ముందు చేసి, ముందు చేయవలసిన పనిని చివరకు పెట్టుట వలన కలిగినది. ఇక ఏది ఎప్పుడు చేయవలెనో వరుసగ చూతము.

అమ్మకము అవసరమా?

అన్నిటికంటె ముందు ఈ ప్రశ్న వేసికొనవలెను. అవసరము తరుముకొని వచ్చినపుడు అమ్మిన ఇంటికి తగిన ధర పలుకదు. అమ్మువాని తొందర కొనువానికి తెలిసిన క్షణమున ధర తగ్గుట మొదలగును. కాబట్టి ఎంత సొమ్ము కావలెను, ఎప్పటికి కావలెను అను రెండు లెక్కలు వ్రాసికొనవలెను. ఇల్లు అద్దెకిచ్చిన సరిపోవునా, బ్యాంకులోగాని సహకార సంఘములోగాని తక్కువ వడ్డీకి అప్పు పుట్టునా, ఖాళీగనున్న దొడ్డిలో కొంత భాగము అమ్మిన చాలునా అని ఆలోచింపవలెను. ఇవి ఏవియు కుదరనిచో అమ్మకము తప్పు కాదు. కాని అమ్మిన మరునాడు ఇంటిలోని వృద్ధులు ఎక్కడ ఉందురో, పశువులను ఎక్కడ కట్టుదురో నిశ్చయించిన తరువాతనే బేరమునకు పోవలెను.

ఇల్లు ఎవరిది?

ఇంటిపన్ను రసీదు మీద పేరున్నంత మాత్రమున ఇల్లు ఆ పేరు గలవానిది కాదు. పన్ను ఎవరి వద్ద వసూలు చేయవలెనో తెలుపుటకే పంచాయతీ పుస్తకములో ఆ పేరు వ్రాయుదురు. విద్యుత్తు మీటరు సంగతియు ఇంతే. ఇవి స్వాధీనమునకు కొంత ఆధారము కావచ్చును గాని హక్కునకు మూలము కాజాలవు.

హిందువులకు 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేకుండ మరణించిన పురుషుని స్వార్జిత ఆస్తి అతని భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లి జీవించి యున్నచో ఆమెకును సమభాగములుగ చెందును. కుమార్తెకు వివాహమైనదా లేదా అను ప్రశ్న ఇచ్చట లేదు. అతనికంటె ముందే మరణించిన కుమారుడుగాని కుమార్తెగాని ఉన్నచో, ఆ శాఖవారికి ఆ భాగము వచ్చును. మనము ఊహించుకొన్న కుటుంబములో తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. అనగా నాలుగు సమభాగములు. పెద్దకుమారుడు అమ్మదలచినది తనది కాని మూడు భాగములను కలుపుకొని!

తాతతండ్రుల నుండి వచ్చిన ఉమ్మడి ఆస్తి విషయములో లెక్క వేరుగ నుండును. అందును కుమార్తె హక్కును మరువరాదు. ఈ విషయమున ఆంధ్రప్రదేశ్ దేశమునకు దారి చూపినది. 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి అమలులోనికి వచ్చినట్లుగ 1986లో చేసిన సవరణచే, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు కల్పింపబడెను. 2005 సెప్టెంబరు 9వ తేదీ నుండి దేశమంతటను కుమార్తెకు పుట్టుకతోడనే ఆ హక్కు గలదని కేంద్ర చట్టమే పలికినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి యుండవలసిన పనిలేదని సుప్రీం కోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. అయితే 2004 డిసెంబరు 20వ తేదీకి ముందే సక్రమముగ జరిగిన పంపకములను ఈ మార్పు కదలింపదు. ముస్లిములకును, క్రైస్తవులకును వారి వారి వారసత్వ నియమములు వేరుగ గలవు. వారు తెలిసినవారిని అడిగి భాగములు నిర్ణయించుకొనవలెను.

వారసులలో మైనరు ఉన్నచో మరింత జాగ్రత్త అవసరము. మైనరు ఆస్తిని న్యాయస్థానపు అనుమతి లేకుండ తల్లిగాని తండ్రిగాని అమ్మినచో, ఆ బిడ్డ యుక్తవయస్కుడైన తరువాత ఆ అమ్మకమును రద్దు చేయుమని కోరవచ్చును. ఇట్టి లోపము గల ఇంటిని తెలిసి కొనువాడు ఉండడు. తెలియక కొన్నవాడు పిమ్మట మనలను విడువడు.

భాగస్వాములలో ఎవరైన తమ భాగమును వదలుకొనదలచినచో హక్కు విడుదల దస్తావేజును వ్రాసి రిజిస్టరు చేయవలెను. నోటిమాట చాలదు. అయితే తల్లి చేతను, చెల్లెలి చేతను ముందుగ విడుదల వ్రాయించుకొని, పిమ్మట ఒక్కడే అమ్ముటకంటె, అందరును కలసి అమ్మువారుగ సంతకము చేసి, ఎవరి భాగము వారి బ్యాంకు ఖాతాలోనికి నేరుగ పోవునట్లు చేయుట మేలు. వృద్ధురాలైన తల్లి చేతిలో తన సొమ్ము ఉన్నప్పుడు ఆమె మాటకు ఇంటిలో విలువ ఉండును. ఒకవేళ ఆమె తన భాగమును బిడ్డకు వ్రాసి ఇచ్చినను, తన పోషణభారము వహించవలెనను షరతును ఆ దస్తావేజులోనే వ్రాయించవలెను. అట్టి షరతు ఉన్నచో, పోషింపని పక్షమున ఆ బదిలీని రద్దు చేయించుకొనుటకు 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము అవకాశము కల్పించినది.

భాగస్వాములలో ఒకరు బయటివారికి అమ్మదలచినచో, తోడి వారసులు తామే కొనెదమని కోరుటకు హిందూ వారసత్వ చట్టములోని 22వ సెక్షను వీలు కల్పించుచున్నది. కావున బయట బేరము పెట్టుటకు ముందు ఇంటివారిని అడుగుట మర్యాదయే కాదు, చట్టము మెచ్చిన పద్ధతి కూడ.

కాగితములు సమకూర్చుకొనుట

వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. తెల్లకాగితము మీద వ్రాసికొన్న సాదా బైనామాతోగాని, జనరల్ పవరాఫ్ అటార్నీతోగాని హక్కు మారదు. పవరు కాగితములతో జరుపు అమ్మకములు హక్కును బదిలీ చేయజాలవని సుప్రీం కోర్టు 2011 అక్టోబరు 11న స్పష్టము చేసినది. తండ్రిగారు ఇల్లు కొన్నది ఇట్టి కాగితముతోనే అయినచో, బేరమునకు ముందే న్యాయవాదిని కలసి లోపమును సవరించుకొనవలెను.

సమకూర్చుకొనవలసినవి ఇవి: తండ్రిగారి పేరనున్న క్రయపత్రము, అంతకు ముందటి లింకు దస్తావేజులు, మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల లేక వారసుల ధ్రువపత్రము, ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు, పంచాయతీ ఇచ్చిన ఇంటి ప్లాను అనుమతి ఉన్నచో అదియు. అసలు దస్తావేజు పోయినచో సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ధ్రువీకృత నకలు పొందవచ్చును.

తరువాత ఈసీ తీయించవలెను. ఆ ఇంటిపై రిజిస్టరు అయిన అమ్మకములు, తనఖాలు, దానములు, పంపకములు అందులో కనుపించును. 1983 నుండి వచ్చిన లావాదేవీలు కంప్యూటరులో దొరకును. అంతకు ముందటివి కార్యాలయపు పుస్తకములలో వెదకించవలెను. ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, చేబదుళ్ళు, కోర్టు వ్యాజ్యములు, వీలునామాలు ఈసీలో కనుపించకపోవచ్చును. వానిని గురించి ఎరిగినవారము మనమే. వానిని మనమే చెప్పవలెను.

గ్రామకంఠములోని ఇండ్లకు మరియొక చిక్కు గలదు. తెలంగాణ జిల్లాలలో దీనిని ఆబాదీ అందురు. తాతల నాటినుండి ఊరి మధ్యనున్న ఈ స్థలములలో ఒక్కొక్క ఇంటికి వేరుగ సర్వే నంబరు గాని పట్టాగాని లేకపోవుట సాధారణము. నివాస ప్రాంతములను డ్రోనులతో కొలిచి ఆస్తికార్డు ఇచ్చుటకై కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. మీ గ్రామములో ఆ కొలత జరిగినచో, మీ ఇంటి కొలతయు పేరును సరిగ నమోదైనవో లేదో పంచాయతీ కార్యదర్శి వద్ద చూచుకొనవలెను. జరుగనిచోట పాత పన్ను రసీదులే ముఖ్యమైన ఆధారము. వానిని చెదలపాలు చేయరాదు.

ప్రభుత్వము పేదలకు ఇచ్చిన ఇంటిస్థలము అయినచో మొదట తహసీలుదారు కార్యాలయమున అడుగవలెను. అసైన్డు భూముల బదిలీని నిషేధించుచు 1977లో చట్టము వచ్చినది. తరువాత దానికి సవరణలు జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లోని నియమము, తెలంగాణలోని నియమము ఒకటి కాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములోని 22-ఏ నిషేధిత జాబితాలో మన స్థలము ఉన్నదేమో కూడ ముందే చూచుకొనవలెను. ఆ జాబితాలో నున్న స్థలమునకు రిజిస్ట్రేషను జరుగదు.

ఇంటిపై బ్యాంకులోగాని సహకార సంఘములోగాని అప్పున్నచో, దానిని తీర్చి అసలు కాగితములను వెనుకకు తీసికొనవలెను. తనఖా రిజిస్టరు అయియున్నచో అప్పు తీరిన సంగతిని కూడ రిజిస్టరు చేయించవలెను. లేనిచో తీరిపోయిన అప్పు ఈసీలో నిలిచియే యుండును.

కొలతలు, హద్దులు

ఇల్లు ఎంత అని అడిగినచో, "మా తాతగారు చెప్పినంత" అనరాదు. టేపు పట్టి కొలువవలెను. మన ఉదాహరణములోని స్థలము వీధివైపు 30 అడుగులు, వెనుకవైపు 36 అడుగులు, పొడవు 48 అడుగులు అనుకొందము. ముందు వెనుకల వెడల్పులను కూడి సగము చేసిన 33 అడుగులు. దానిని 48తో గుణించిన 1,584 చదరపు అడుగులు. తొమ్మిది చదరపు అడుగులు ఒక చదరపు గజము కనుక 1,584ను 9తో భాగించిన 176 చదరపు గజములు వచ్చును. సెంటుకు 48.4 గజములు, గుంటకు 121 గజములు. కావున ఇది మూడున్నర సెంట్లకు కొంచెము హెచ్చు, గుంటన్నరకు కొంచెము తక్కువ. స్థలము మరీ వంకరగ నున్నచో ఈ లెక్క చాలదు. సర్వేయరు చేత కొలిపించవలెను.

దస్తావేజులోని కొలతకును, నేలమీది కొలతకును తేడా వచ్చినచో దాచరాదు. ఇరుగుపొరుగువారిని పిలిచి, వారి యెదుట తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము హద్దులను చూపి, వారి మాట కూడ వినవలెను. పాత దస్తావేజులో తూర్పుహద్దుగ వ్రాసిన ఇంటి యజమాని ఇప్పుడు లేకపోవచ్చును. ఇప్పటివారి పేరు తెలిసికొని వ్రాయవలెను. గోడ మనదా, ఉమ్మడిదా? పొరుగువారి చూరునీరు మన దొడ్డిలో పడుచున్నదా? వెనుక ఇంటివారు మన సందుగుండ నడచుచున్నారా? ఇరువది సంవత్సరములు నిరాటంకముగ హక్కుగా నడచిన దారిని కొత్త యజమాని ఒక్కరోజులో మూయజాలడు. ఈ సంగతి కొనువానికి ముందే చెప్పినచో అది బేరములో ఒక మాట. చెప్పకున్నచో అదియే రేపటి వ్యాజ్యము.

ఇంటిని బాగుచేయుట, లోపము చెప్పుట

ఇల్లు చూడవచ్చినవాని కన్ను మొదట కప్పుమీద, తరువాత నేలమీద పడును. పగిలిన పెంకులు మార్చుట, మురుగునీటి కాలువ తీయుట, తలుపుల కీళ్ళకు నూనె వేయుట, దొడ్డిలోని పెంటకుప్పలు ఎత్తించుట, సున్నము కొట్టించుట మొదలగు పనులు చేయించవలెను. వీనికి పెట్టిన సొమ్ము వృథా పోదు. కాని అమ్మబోవు ఇంటికి కొత్త గదులు, ఖరీదైన రంగులు అక్కరలేదు. కొనువాడు తన ఇష్టమువచ్చినట్లు మార్చుకొనును.

అయితే బాగుచేయుట వేరు, కప్పిపుచ్చుట వేరు. చెదలు పట్టిన దూలమునకు రంగు వేసి చూపుట, పునాది కుంగి చీలిన గోడకు సిమెంటు పూసి నునుపు చేయుట మోసమనిపించుకొనును. ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను అమ్మువాని విధులను వివరించుచున్నది. సాధారణ జాగ్రత్తతో చూచినను కొనువానికి కనపడని ముఖ్యమైన లోపము ఇంటిలోగాని హక్కులోగాని ఉన్నచో, తెలిసిన అమ్మువాడు దానిని చెప్పియే తీరవలెను. అడిగినపుడు కాగితములు చూపవలెను. అమ్మకపు నాటివరకు గల పన్నులు తానే చెల్లింపవలెను. బేరము కుదిరిన తరువాత తాళము ఇచ్చువరకు ఇంటిని, కాగితములను జాగ్రత్తగ కాపాడవలెను. ఈ నియమములు వ్రాసి దాదాపు నూటయేబది సంవత్సరములు కావచ్చుచున్నది. మన పల్లెలలోని పెద్దమనుష్యుల నీతియు ఇదియే.

ధర నిర్ణయము

అదే వీధిలో ఇటీవల అమ్ముడైన ఇండ్లు గజము ఎంత చొప్పున పోయినవో విచారించవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఉండు మార్కెట్ విలువ స్టాంపు రుసుము లెక్కించుటకు వాడు విలువ. నిజముగ పలుకు ధర అంతకు హెచ్చు కావచ్చును, తక్కువ కావచ్చును. ఇంటి కట్టడమునకు, స్థలమునకు వేరువేరుగ లెక్క కట్టుకొన్నచో బేరమాడుట సులభము. ఇద్దరు ముగ్గురు కొనువారు చూచువరకు ఓపిక పట్టవలెను. మధ్యవర్తికి ఇచ్చు కమీషను ఎంతయో, ఎప్పుడు ఇవ్వవలెనో మొదటనే చెప్పుకొనవలెను.

ధర నిశ్చయమైన పిమ్మట పంపకపు లెక్క ఇంటిలో ముందే వ్రాసికొనవలెను. మన కుటుంబములో ధర 12,00,000 రూపాయలు. ఇంటిపై తండ్రి చేసిన అప్పు 80,000. కప్పు బాగుచేయుటకు పెద్దకుమారుడు పెట్టిన 40,000 అతనికి ఇచ్చుటకు అందరును ఒప్పుకొనిరి. మిగిలినది 10,80,000. నాలుగు భాగములు చేయగా ఒక్కొక్కరికి 2,70,000. ఈ లెక్క బేరమునకు ముందు వ్రాసినచో పావుగంట పని. సొమ్ము చేతికి వచ్చిన తరువాత వ్రాయబోయినచో పంచాయితీ.

బయానా, అగ్రిమెంటు

బయానా పుచ్చుకొనుట అనగా మాట ఇచ్చుట. కొన్ని ప్రాంతములలో దీనిని బజానా అనియు, అడ్వాన్సు అనియు అందురు. హక్కుదారులందరు ఒప్పుకొనక ముందు ఒక్క రూపాయి పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్నచో అగ్రిమెంటు వ్రాయవలెను. అందు మొత్తము ధర, ముట్టిన సొమ్ము, మిగిలినది చెల్లించవలసిన తేదీ, రిజిస్ట్రేషను ఖర్చు ఎవరిది, ఇల్లు ఖాళీ చేయు తేదీ, ఎవరైన మాట తప్పినచో బయానా ఏమగునో స్పష్టముగ ఉండవలెను. వేరు ఒప్పందము లేనిచో క్రయపత్రపు స్టాంపు ఖర్చు కొనువాడు భరించవలెను. పూర్తి సొమ్ము రాకముందు తాళపుచెవులు ఇచ్చుట మంచిది కాదు.

సొమ్మును బ్యాంకు ద్వారమున పుచ్చుకొనుట మేలు. స్థిరాస్తి అమ్మకములో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగ తీసికొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 జూన్ 1 నుండి సాధారణముగ నిషేధించినది. అమ్మకమువలన వచ్చు లాభముపై పన్ను పడునా అను సంగతిని కూడ ముందే తెలిసినవారి వద్ద విచారించవలెను. దస్తావేజులో ధరను తగ్గించి వ్రాయుట తప్పు. వ్రాతలో లేని సొమ్మును ఎగగొట్టినచో దానిని రాబట్టుకొనుటకు ఆధారము ఉండదు.

రిజిస్ట్రేషను నాడు

తెలంగాణలో సాగుభూముల రిజిస్ట్రేషను తహసీలుదారు వద్ద జరుగుచున్నది. ఇండ్ల విషయములో మాత్రము రెండు రాష్ట్రములలోను సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకే పోవలెను. సంతకము చేసిన దస్తావేజును నాలుగు నెలలలోపల దాఖలు చేయవలెను. అమ్మువారి, కొనువారి ఫొటోలు, వేలిముద్రలు తీసికొందురు. సాక్షులు ఉండవలెను. దస్తావేజు లేఖరి వ్రాసిన దానిని ఆసాంతము చదివించుకొని వినవలెను. చదువురాని తల్లికి ఆమెకు తెలియు మాటలలో చెప్పవలెను. పేర్లు, సర్వే నంబరు, ఇంటి నంబరు, కొలతలు, హద్దులు ఒక్కొక్కటిగ సరిచూచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇది. సొమ్ము పూర్తిగ ముట్టక ముందు "పూర్తిగ ముట్టినది" అని వ్రాసిన దస్తావేజుపై సంతకము చేయరాదు. ఒకసారి రిజిస్టరు అయిన పిమ్మట, మిగిలిన సొమ్ము రాలేదను కారణమున మాత్రమే అమ్మకము రద్దు కాదు. ఆ సొమ్ము కొరకు దావా వేసికొనవలసినదే. చెల్లనిచెక్కు పట్టుకొని తిరిగిన పల్లెవాసులను మేము ఎరుగుదుము. బ్యాంకు ఖాతాలో సొమ్ము పడినదని చూచుకొని, పిమ్మట కలము పట్టవలెను.

పిదప అసలు కాగితములను కొనువానికి అప్పగించి రసీదు తీసికొనవలెను. పంచాయతీ పుస్తకములో ఇంటిపన్ను, విద్యుత్తు కార్యాలయములో మీటరు పేరు మారునట్లు చూడవలెను. లేనిచో మరియొకరి బకాయికి మన పేర నోటీసు వచ్చును.

న్యాయవాదికి ఇచ్చుకొనలేనివారు అధైర్యపడనక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము గలదు. మండల న్యాయసేవా కమిటీలోగాని, జిల్లా న్యాయసేవాధికార సంస్థలోగాని అడుగవచ్చును.

తిరిగి ఆ ఇంటికి

మన కుటుంబము కథ ఎట్లు ముగియవలెను? పెద్దకుమారుడు కొనువానివద్ద రెండునెలల గడువు అడిగెను. తమ్ముడు సెలవు పెట్టి వచ్చెను. చెల్లెలు భర్తతో వచ్చెను. నలుగురును ఆ పెంకుటింటి వసారాలోనే కూర్చుండిరి. తల్లి తన భాగపు సొమ్మును తన పేరనే బ్యాంకులో వేసికొని, పెద్దకుమారుడు అద్దెకు తీసికొనబోవు ఇంటిలో వీధివైపు గది తనకు కావలెనని కోరెను. ఎల్లరును ఒప్పుకొనిరి. చెల్లెలు తనకు రావలసిన భాగము పుచ్చుకొని, తండ్రి నాటిన కొబ్బరిచెట్టునుండి రెండు కాయలు మాత్రము అదనముగ అడిగి తీసికొనెను. నలుగురి సంతకములతో దస్తావేజు రిజిస్టరు అయినది. ఇల్లు చేయి మారినది గాని కుటుంబము చెదరలేదు.

ఇల్లు అమ్మువారందరికి ఇట్టి ముగింపే కలుగవలెనని మా కోరిక. దానికి కావలసినది పెద్ద చదువు కాదు. ముందుగ అడుగుట, ముందుగ వ్రాయుట, ఉన్నది ఉన్నట్లు చెప్పుట, ఈ మూడే.

చదివి ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఇంటిపన్ను రసీదు హక్కునకు మూలము ఎందుకు కాజాలదు?
2. వీలునామా లేకుండ మరణించిన తండ్రికి తల్లి, భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. అతని స్వార్జితమైన ఇల్లు ఎన్ని భాగములగును?
3. ఈసీలో కనుపించకపోవు విషయములు ఏవి?
4. ముందు 24 అడుగులు, వెనుక 30 అడుగులు, పొడవు 40 అడుగులు గల స్థలము ఎన్ని చదరపు గజములు?
5. మీ ఇంటి దస్తావేజులోని హద్దులు నేటికిని సరిగ నున్నవా? నేడే తీసి చూడుడు.